పద్నాలుగో మైలు క్యాంపు ముగింపు సభ

ఆ రాష్ట్రంలో మనిషికి ఏ అవసరం వచ్చినా అది శిబిరం రూపంలో తీరవలసిందే తప్ప మరో దారి లేదు. కళ్ళకు మసక వస్తే కంటి శిబిరం వచ్చేదాకా మసకగానే చూడాలి. గేదె కడుపులో పురుగులు పడితే పశువైద్య శిబిరం వచ్చేదాకా ఆ పురుగులు ఓపిక పట్టాలి. రక్తం ఇవ్వడానికి ఒక శిబిరం, రక్తంలో చక్కెర ఎంతుందో చెప్పడానికి ఒక శిబిరం, ఆ అంకె విని గుండెదడ పుట్టినవాళ్ళకు యోగా శిబిరం. పట్టాదారు పేరులో అక్షరదోషాలు దిద్దే శిబిరం ఒకటి ఉండేది. ఆ దిద్దుబాటులో పుట్టిన కొత్త దోషాలు దిద్దడానికి మరొకటి. ఏటా వేసవిలో సాహస శిబిరం వచ్చి, చింతచెట్ల మీదే పెరిగే పిల్లలకు తాడు పట్టుకుని ఎక్కడం నేర్పేది. పిల్లలు చెట్టు దిగివచ్చి, తాడెక్కి, ప్రశంసాపత్రం పుచ్చుకుని, మళ్ళీ చెట్టెక్కేవారు.

ఇన్ని శిబిరాలు నడవాలంటే అధికారులు శిబిరాల్లోనే ఉండాలి. అందుచేత ఏ కార్యాలయానికి ఎవరు వెళ్ళినా గుమ్మంలోనే "సార్ క్యాంపులో ఉన్నారు" అనే జవాబు దొరికేది. క్యాంపుకు పరిగెత్తితే "ఇప్పుడే ఆఫీసుకు బయల్దేరారు" అనేవారు. ప్రభుత్వం ఈ రెండు చోట్లా ఉండేది. ప్రజలు ఆ రెంటి మధ్య తిరిగే బస్సులో ఉండేవారు.

ఇది ఎంతకాలమైనా సాగేదే. కాని ఒకానొక మండల కేంద్రంలో షామియానాల కొరత వల్ల కంటి శిబిరాన్నీ పశువైద్య శిబిరాన్నీ ఒకే పందిరి కింద, ఒకే వరుసలో నడిపించారు. సాయంత్రానికి ఒక రైతు, పశువులకు వేసే పసుపుపచ్చ బిళ్ళను తన చెవికి వేయించుకుని ఇంటికి వచ్చాడు. అతని గేదెకు దగ్గరచూపు అద్దాలు రాశారు. ప్రతిపక్షంవారు గేదెను ఊరేగించారు. ప్రభుత్వం చలించి, రాష్ట్ర శిబిర సమన్వయ ప్రాధికార సంస్థను నెలకొల్పింది.

సంస్థ ముందుగా శిబిరంలో శిబిరాన్ని నిషేధించింది. ఒకే వ్యక్తి ఏకకాలంలో రెండు శిబిరాల్లో ఉండడాన్ని కూడా నిషేధించింది. ఆ తరువాత తన అసలు ఆశయాన్ని ప్రకటించింది: ప్రారంభమైన ప్రతి శిబిరమూ ముగియాలి. ముగింపు సభ జరగని శిబిరం చట్టం దృష్టిలో ఇంకా జరుగుతూనే ఉంటుంది. అటువంటి శిబిరాలను వెతికి పట్టుకుని, సగౌరవంగా ముగించి, శిబిరార్థులను వారి వారి ఇళ్ళకు పంపించడానికి జిల్లాకు ఒక ప్రత్యేకాధికారిని నియమించింది.

కుడికాలువ ఉన్న జిల్లాకు నియమితులైనవారు పరాంకుశం గారు. ఆయన లంచగొండి కాదు, సోమరి కాదు, దుర్మార్గుడు అంతకన్నా కాదు. నిబంధనలను అక్షరాలా చదివే మనిషి. ఆ జిల్లాలో ఒక ఊరి దురదృష్టం అదే.

కుడికాలువ పద్నాలుగో మైలు దగ్గర, గట్టుకు ఆనుకుని, రెండు వందల గడపల ఊరొకటి ఉంది. కాలువ తవ్వే రోజుల్లో రాళ్ళు కొట్టేవాళ్ళూ మట్టి మోసేవాళ్ళూ అక్కడ గుడిసెలు వేసుకున్నారు. ఇంజనీర్లు తమ పటంలో దాన్ని 'పద్నాలుగో మైలు క్యాంపు' అని గుర్తు పెట్టుకున్నారు. కాలువ పూర్తయింది, నీళ్ళు వచ్చాయి, ఇంజనీర్లు వెళ్ళిపోయారు. కూలీలు వెళ్ళలేదు, వాళ్ళకు వెళ్ళడానికి మరో చోటు లేదు. గుడిసెల స్థానంలో రాతి గోడలు లేచాయి. బడి వచ్చింది, నీళ్ళ ట్యాంకు వచ్చింది, రేషను దుకాణం వచ్చింది, మూడు తరాలు పుట్టాయి. పేరు చివరి తోక మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ తోక పట్టుకుని ప్రభుత్వం లోపలికి రాగలదని ఎవరికీ తోచలేదు.

ఆ ఊరి మొదట్లో సుంకులమ్మ అంగడి. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పది దాటితే ఏమీ ఉండవు. ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాడు, కూతురు అత్తారింట్లో ఉన్నది, కొడుకులిద్దరూ క్వారీల వెంట తిరుగుతున్నారు. ఇంట్లో ఆమె, ఆమె మామ ఓబులేసు. కాలువ తవ్వినవాళ్ళలో మిగిలినవాడు ఆయనొక్కడే. ఆ ఇంటి గోడలకు ప్రతి రాయీ ఆయన కొట్టి, చెక్కి, పేర్చినదే. ఆ ఇంట్లోనే సుంకులమ్మ కోడలిగా అడుగుపెట్టింది, ఆ ఇంట్లోనే ముగ్గురు బిడ్డలను కన్నది, ఆ ఇంట్లోనే పోతానని అందరికీ చెప్పి పెట్టింది.

ఒకరోజు పొద్దున అంగడి ముందు జీపు ఆగింది. పరాంకుశం గారు దిగారు. వెనుక ఆయన సహాయకుడు మద్దిలేటి, చేతిలో పలక వంటి ఫోనుతో దిగాడు. మద్దిలేటిది ఆ చుట్టుపక్కల ఊరే కావడం వల్ల వాడి ముఖంలో అప్పటికే కొంత సిగ్గు కనిపిస్తున్నది.

"ఇక్కడ నిర్వాహకులెవరు?" అన్నారు పరాంకుశం గారు.

"నిర్వాకం అందరిదీ ఉంది సార్. ఎవరిది కావాల మీకు?" అన్నది సుంకులమ్మ, బజ్జీలు తిరగేస్తూ.

అంగడి ముందు కూర్చున్నవాళ్ళు నవ్వారు. పరాంకుశం గారు నవ్వలేదు. "అమ్మా, తమరు ఈ శిబిరంలో ఎప్పటినుంచి పాల్గొంటున్నారు?"

"యాడ పాల్గొనేది సామీ? పెండ్లయి వచ్చినప్పట్నుంచి ఈడనే ఉండా."

"వివాహం ద్వారా చేరిక," అని మద్దిలేటికి చెప్పి, ఆయన మళ్ళీ ఆమె వైపు తిరిగారు. "మీ శిబిరం చాలా కాలంగా కొనసాగుతున్నది. ఇంత సుదీర్ఘ శిబిరం రాష్ట్రంలో మరొకటి లేదు. మిమ్మల్ని అభినందిస్తున్నాను. ఇక దీన్ని ముగించి మిమ్మల్ని స్వస్థలాలకు చేర్చడం మా బాధ్యత."

"మా స్వస్థలం ఇదే గదా సార్."

"శిబిరం స్వస్థలం కాజాలదమ్మా."

"ఇది శిబిరం గాదు నాయనా, ఊరు!"

"ఊరి పేరు?"

"పద్నాలుగో మైలు క్యాంపు."

"చూశారా, మీరే అన్నారు," అన్నారు పరాంకుశం గారు, ఎంతో సౌమ్యంగా.

సుంకులమ్మ చేతిలో జల్లిగరిటె అలాగే ఆగిపోయింది. నూనెలో నాలుగు బజ్జీలు మాడిపోయాయి. ఆ అంగడి పెట్టిన తరువాత అటువంటిది జరగడం అదే మొదటిసారి.

"అయితే పేరు మార్చుకుంటాం," అన్నది ఆమె. "ఏదో ఒకటి పెట్టండి. మైలాపురమనండి, గట్టుపల్లె అనండి."

"తప్పక మార్చుకోవచ్చు. పేర్ల మార్పిడి కోసం సంస్థ ప్రత్యేక శిబిరాలు నిర్వహిస్తున్నది."

"అయితే ఈడ ఒకటి పెట్టండి సార్!"

"పెట్టేవాళ్ళమే. కాని శిబిరంలో శిబిరం నిషిద్ధం."

ఆ మధ్యాహ్నమంతా మద్దిలేటి ఇల్లిల్లూ తిరిగి శిబిర సామగ్రిని నమోదు చేశాడు. వాడి ఫోనులో నివాసం అన్న చోట 'గుడారం' తప్ప మరో మాట లేదు. గుడారం దేనితో చేసినదో ఎంచుకోవాలి: బట్ట, ప్లాస్టిక్కు, ఇతరములు. సుంకులమ్మ ఇంటి ముందు వాడు చాలాసేపు నిలబడి, చివరకు 'ఇతరములు' నొక్కి, 'రాయి' అని చేర్చాడు. ఫోను వెంటనే రసీదు ఇచ్చింది. దాన్ని వాడు తల వంచుకుని చదివాడు: "రాతి గుడారం ఒకటి. ముగింపు రోజున శుభ్రపరచి, మడిచి, అప్పగించవలెను."

"మడిచి ఇయ్యాల్నా?" అన్నాడు ఓబులేసు, అరుగు మీద నుంచి. "ఎట్ల మడిచేది రా అబ్బీ? నిలువునా, అడ్డంగానా?"

"నాకేం తెలుసు తాతా. అదట్ల చెప్తాంది."

"దాన్నే వచ్చి మడచమను. ఒక కొస నేను పట్టుకుంటా."

నవ్వులు బాగానే వినిపించాయి గాని, మర్నాడు గోడలకు ప్రకటన అంటించేసరికి ఆగిపోయాయి. వచ్చే నెల మొదటి సోమవారం ముగింపు సభ. సభానంతరం శిబిరార్థులను తీసుకువెళ్ళడానికి ఆరు బస్సులు. బడి, నీళ్ళ ట్యాంకు, కరెంటు స్తంభాలు శిబిర సామగ్రి కనుక లారీలకెక్కుతాయి. బస్సులు ఎక్కడికి వెళతాయన్నది ప్రకటనలో లేదు. సుంకులమ్మ అడిగితే పరాంకుశం గారు, "ప్రతి శిబిరార్థికీ ఇల్లంటూ ఒకటి ఉంటుందన్నది మా నిబంధనల మూలసూత్రం. డ్రైవరుకు చెప్పండి, దింపుతాడు," అన్నారు.

"మా ఇంటికే దింపమంటే?"

"ఇంటికే దింపుతాడు."

"మా ఇల్లు ఇదే సార్."

"అది గుడారమమ్మా."

సుంకులమ్మ మామను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కింది. ఊరివాళ్ళు ఆమెనే ఎందుకు పంపారంటే, ఆమె నోటికి ఆ చుట్టుపక్కల ఎదురులేదు. కాని నోరు పనిచేయాలంటే ఎదుట ఒక చెవి ఉండాలి. కలెక్టరు గారి ఆఫీసులో సార్ క్యాంపులో ఉన్నారు. రెవెన్యూ ఆఫీసులో సార్ క్యాంపులో ఉన్నారు. జిల్లా పరిషత్తులోనూ అధ్యక్షులు కంబగిరి గారు క్యాంపులో ఉన్నారన్నారు. అయితే ఆ మాట చెప్పిన బంట్రోతు ఒక కన్ను గీటాడు. ఆమెకు ఆ కన్నుగీటు అర్థం కాలేదు. చివరికి ఎవరో పుణ్యాత్ములు ఫిర్యాదుల పరిష్కార శిబిరం దారి చూపించారు.

అక్కడి అధికారిణి ఇద్దరికీ కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, అంతా శ్రద్ధగా విన్నది. విన్న తరువాత ఆమె ముఖం గంభీరమైంది.

"మీరు ఆ శిబిరంలో సభ్యులై ఉండి ఈ శిబిరానికి ఎలా వచ్చారు? దీన్ని ద్వంద్వ శిబిరత్వం అంటారు. నేరం."

"నాకు తెలీదు తల్లీ," అన్నాడు ఓబులేసు భయపడి. "నేనెప్పుడూ అట్లాంటి పని జెయ్యలే. ఒగసారి కంటి క్యాంపుకు మాత్రం పోయినా. రెండు కండ్లకీ పొర తీసినారు."

అధికారిణి కలం కింద పెట్టింది. "అంటే ఒక శిబిరంలో ఉంటూ మరో శిబిరంలో చూపు పొందారు. ఆ చూపు నిబంధనలకు విరుద్ధం."

"ఇప్పుడేమి జెయ్యమంటావు? మళ్ళ పొర ఏస్తారా?"

"ప్రస్తుతం అటువంటి సౌకర్యం లేదు," అన్నది అధికారిణి, నిజంగానే విచారిస్తూ. "కనుక మానవతా దృక్పథంతో మన్నిస్తున్నాం. ఇకముందు మాత్రం పరిమితంగా చూడండి."

తిరుగు బస్సులో ఓబులేసు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"నిద్ర వస్తాందా మామా?"

"లేదమ్మీ. పొదుపు జేస్తాండా."

సుంకులమ్మకు నవ్వు రాలేదు. ఇల్లు చేరి, గిన్నెలన్నీ గోనెసంచిలో సర్దింది. దేవుడి పటం తీస్తే దాని వెనుక గోడ మీద తెల్లటి చదరం ఒకటి కనిపించింది. ఆమె కాసేపు ఆ చదరం వంక చూసి, పటాన్ని మళ్ళీ అక్కడే తగిలించి, సంచి మూతి కట్టింది.

మొదటి సోమవారం వచ్చింది. షామియానా లేచింది. 'పద్నాలుగో మైలు క్యాంపు ఘన ముగింపు' అన్న బట్ట వేదిక మీద రెపరెపలాడింది. ఆరు బస్సులూ, లారీలూ గట్టు పొడుగునా బారు తీరాయి. మద్దిలేటి మైకు పట్టుకుని కార్యక్రమం చదివాడు: జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, స్వాగత వచనం, శిబిరార్థుల అనుభవాలు, ముఖ్య అతిథి ప్రసంగం, శిబిర సమాప్తి ప్రకటన, వందన సమర్పణ. జ్యోతి వెలిగింది. బడిపిల్లలు ప్రార్థన పాడారు. పరాంకుశం గారు స్వాగతం చెప్పారు. ఇక ముఖ్య అతిథి రావాలి.

నిబంధనల ప్రకారం ముఖ్య అతిథి అంటే జిల్లా పరిషత్ అధ్యక్షులే తప్ప మరొకరు కారు. పరాంకుశం గారు ఫోను చేశారు. ఆ ఫోను మైకు పక్కనే ఉండడం వల్ల ఊరంతా విన్నది.

"నేను క్యాంపులో ఉన్నానయ్యా!" అన్నది కంబగిరి గారి గొంతు. వెనుక సముద్రపు హోరు వినిపించింది.

బంట్రోతు కన్నుగీటుకు అర్థం ఇప్పుడు తెలిసింది. కంబగిరి గారి మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. తన సభ్యులు అవతలి వర్గం చేతికి చిక్కకుండా, ఆయన వాళ్ళందరినీ బస్సులో వేసుకుని ఎక్కడో సముద్రపు ఒడ్డున ఒక విడిది గృహంలో పెట్టి, రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నారు. దీన్ని కూడా ఆ రాష్ట్రంలో క్యాంపు అనే అంటారు.

"అయ్యా, ఆ శిబిరానికి సంస్థ అనుమతి తీసుకున్నారా?" అన్నారు పరాంకుశం గారు.

అవతల చాలాసేపు సముద్రం మాత్రమే వినిపించింది. ఆ తరువాత అదీ ఆగిపోయింది.

ప్రారంభమైన సభను ముఖ్య అతిథి ప్రసంగం లేకుండా విరమించే వీలు లేదు. ముఖ్య అతిథి వచ్చేదాకా సభ నడుస్తూనే ఉండాలి. అందుచేత నడిచింది. మంగళవారం కూడా నడిచింది. రోజూ ఉదయం బడిపిల్లలు వచ్చి ప్రార్థన పాడేవారు. మద్దిలేటి గంటకొకసారి కార్యక్రమం మొత్తం చదివి, "ముఖ్య అతిథి మరి కొద్దిసేపట్లో విచ్చేస్తారు" అని ముగించేవాడు. జ్యోతి ఆరితే సభ ఆగినట్టవుతుందని పరాంకుశం గారు దానికి ఒక కాపలాదారును పెట్టారు. నూనె సుంకులమ్మ అంగడి నుంచి వెళ్ళేది.

వారం దాటేసరికి బస్సు డ్రైవర్లు ఊరికే కూర్చోలేక టమాటాలు సంతకు చేరవేయడం మొదలుపెట్టారు. లారీ డ్రైవరొకడికి రేషను దుకాణం పక్క వీధిలో సంబంధం కుదిరింది; పెళ్ళి షామియానా కిందే జరిగింది. పరాంకుశం గారు వధూవరులను ఆశీర్వదించి, "వివాహం ద్వారా చేరిక" అని నమోదు చేయించారు. ఆయన బడి వరండాలో మంచం వేసుకున్నారు. పొద్దున్నే సుంకులమ్మ అంగడికి వచ్చి, ఎడంగా నిలబడి, ఉగ్గాని తినేవారు. మొదట్లో ఆమె ఆయనకు బజ్జీ వేసేది కాదు. ఒకనాడు ఆయన తడి ధోవతి ఆరేసుకోవడానికి తాడు దొరక్క వరండాలో చేతులు చాపి నిలబడి ఉండడం చూసి, తాడుతో పాటు రెండు బజ్జీలు పంపింది. ఇంట్లో మాత్రం గోనెసంచి మూతి విప్పలేదు. రెండు గిన్నెలు బయట పెట్టుకుని వండుకుంటున్నది.

సరిగ్గా పక్షం నాటికి గట్టు మీద దుమ్ము లేచింది. ముందు ఒక కారు, వెనుక అద్దాలకు తెరలు కట్టిన బస్సు. కంబగిరి గారు దిగారు. ఆ మధ్యాహ్నమే జిల్లా కేంద్రంలో అవిశ్వాసం మీద ఓటింగు. సభ్యులను నేరుగా అక్కడికి తోలుకుపోతూ, దారిలోనే ఉన్నది కదా అని ఆగారు.

"ఐదు నిమిషాలయ్యా పరాంకుశం. ప్రకటన ఒక్కటీ చదివేసి పోతాను. నా మనుషులు బస్సులో ఉన్నారు, ఎక్కువసేపు వదిలిపెట్టకూడదు."

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. మద్దిలేటి శాలువా మడత విప్పాడు. డ్రైవర్లు టమాటా బుట్టలు దించి ఇంజన్లు వేశారు. ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. కంబగిరి గారు గొంతు సవరించుకుని కాగితం విప్పి, "ఈ పద్నాలుగో మైలు క్యాంపు ఇంతటితో..." అన్నారు.

"ఆగండి సార్!"

సుంకులమ్మ లేచి నిలబడింది. పక్షం రోజులుగా గంటకొకసారి చెవిన పడిన కార్యక్రమం అది. బజ్జీలు వేస్తూ విన్నది, గిన్నెలు తోముతూ విన్నది, కలలో కూడా విన్నది.

"మా అనుభవాలేవి సార్?"

"ఏం అనుభవాలు?" అన్నారు కంబగిరి గారు.

"స్వాగతమైనాక మా అనుభవాలు, దాని తర్వాతనే మీ మాట. దినామూ చదువుతాండాడు గదా మద్దిలేటి! ఏం మద్దిలేటీ, అబద్ధమా?"

మద్దిలేటి చేతిలోని కార్యక్రమాన్ని చూశాడు, పరాంకుశం గారిని చూశాడు. "ఉంది సార్," అన్నాడు. పక్షం రోజుల్లో వాడి ముఖం వెలగడం అదే మొదటిసారి.

"ఎవరో ఒకరు రెండు ముక్కలు చెప్పి కూర్చోండమ్మా, తొందరగా," అన్నారు కంబగిరి గారు.

అప్పుడు పరాంకుశం గారు లేచారు. ఆ క్షణంలో ఆయన ఎవరి పక్షమూ వహించలేదు. నిబంధన పక్షాన నిలిచారు. "క్షమించాలి. 'శిబిరార్థుల అనుభవాలు' అని బహువచనంలో ఉన్నది. 'కొందరు' అని లేదు. 'ఎంపిక చేసిన' అని లేదు. కనుక అందరూ చెప్పాలి. కాలపరిమితి విధించే అధికారం నాకు లేదు. వేదిక ఎక్కిన ముఖ్య అతిథి అనుభవాలు పూర్తయ్యేదాకా ఆసీనులై ఉండాలి. మధ్యలో లేస్తే సభ తిరిగి జ్యోతి దగ్గర మొదలవుతుంది."

"మొత్తం ఎందరున్నారు?"

"ఎనిమిది వందల పైచిలుకు. మొన్నటి చేరికతో కలిపి."

కంబగిరి గారు లేవబోయారు. అప్పటికే ఓబులేసును ఇద్దరు పట్టుకుని మైకు దగ్గరకు తెస్తున్నారు. ఓటింగు వార్త కోసం కంబగిరి గారి వెంటపడి వచ్చిన విలేకరులు ఎదుట ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. కాలువ తవ్విన ముసలి కూలీ నోరు తెరవగానే అధ్యక్షుడు లేచిపోయాడన్న బొమ్మ రేపు ఊరూరా తిరుగుతుంది. కంబగిరి గారు చిరునవ్వు పులుముకుని కూర్చున్నారు. వేదిక వెనక్కి వంగి అనుచరులతో, "బస్సును పోనీయండ్రా, నేను వెనకనే వస్తా," అని గొణిగారు. తెరలు కట్టిన బస్సు కదిలింది. ఇన్ని రోజుల్లో ఆ సభ్యులు కాపలా లేకుండా ప్రయాణించడం అదే మొదలు.

ఓబులేసు మైకును ఒకసారి తట్టి చూశాడు, రాయిని చూసినట్టు.

"నా అనుభవం చెప్పమన్నారు. చెప్తా," అన్నాడు. "మొదటి గడ్డపార దిగింది యాడంటే, తూము కాడ. అప్పుడు నాకింకా మీసం రాల్యా. మా నాయన గాడిద మింద మా యమ్మను కూర్చోబెట్టి తోలుకొచ్చినాడు. ఆ గాడిద పేరు సింగారి. ముందు సింగారి సంగతి చెప్తే గాని కాలవ సంగతి మీకర్థం గాదు..."

సింగారి సంగతి గంట పట్టింది. మొదటి మైలులో మట్టి మెత్తన, పాటలెక్కువ. ఆ పాటలు ఆయన పాడి వినిపించాడు. ఆడవాళ్ళు ఏడుపు ఆపి పల్లవి అందుకున్నారు. రెండో మైలులో బండ తగిలింది. మందు పెట్టి పేల్చిన రోజున, లోపల ఇంకా ఇద్దరున్నారని ఎవరూ చూసుకోలేదు. అన్నదమ్ములు. వాళ్ళ పేర్లు ఓబులేసు నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ ఇంటివాళ్ళెవరూ మిగల్లేదు కనుక, ఆ పేర్లు ఆ ఊళ్ళోనే చాలామందికి కొత్త. పరాంకుశం గారు ఏదో రాసుకోబోయి, రాసుకోలేదు.

అప్పుడే కంబగిరి గారి ఫోను మోగింది. ఆయన విన్నారు. ముఖం పాలిపోయింది. దారిలో అవతలి వర్గంవాళ్ళు బస్సును ఆపి, భోజనం పెట్టి, తమ వెంట తీసుకుపోయారు. ఓటింగు అయిపోయింది. అధ్యక్షుడు మారాడు.

పరాంకుశం గారు ఆయన దగ్గరకు వెళ్ళి వినయంగా వంగారు. "అయ్యా, ఈ క్షణం నుంచి తమరు ముఖ్య అతిథి కారు. దయచేసి వేదిక దిగి చాప మీద కూర్చోవలసిందిగా ప్రార్థన. శాలువా ఇలా ఇప్పించండి."

"అయితే ఈ సభ ఏం గాను?"

"కొత్త అధ్యక్షుల వారు విచ్చేసేదాకా కొనసాగుతుంది."

కొత్త అధ్యక్షుల వారికి కబురు వెళ్ళింది. తన మీద కూడా అవిశ్వాసం రావచ్చునన్న అనుమానంతో ఆయన ప్రమాణ స్వీకారం చేసిన కాళ్ళతోనే సభ్యులందరినీ బస్సెక్కించుకున్నారు. ఎప్పుడు ఫోను చేసినా ఒకటే జవాబు: సార్ క్యాంపులో ఉన్నారు.

కంబగిరి గారు ఆ సాయంత్రమే కారెక్కి వెళ్ళిపోయారు. ఇంటికి దింపడానికి ఆయనకు ఇల్లు ఉన్నది. సభ మాత్రం సాగుతున్నది. ఓబులేసు రోజుకు కొంత చెబుతాడు, అలిసిపోతే పడుకుంటాడు. ప్రస్తుతం మూడో మైలులో ఉన్నాడు. ఆ తరువాత సుంకులమ్మ వంతు. ఆమె ఇంకా ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేదు. తన పుట్టింటి నుంచి మొదలుపెట్టమని ఆడవాళ్ళు, అంతకు ముందు నుంచి మొదలుపెట్టమని మద్దిలేటి సలహా ఇస్తున్నారు.

ఒకనాడు పొద్దున, అంగడి దగ్గర జనం పలచబడ్డాక, పరాంకుశం గారు వచ్చారు. ఉగ్గాని తినలేదు. చేతిలో ఫోను ఇటూ అటూ తిప్పుతూ నిలబడ్డారు.

"మా ఇంట్లోవాళ్ళు వస్తామంటున్నారమ్మా. నేను కనబడి చాలా రోజులైంది కదా. బడి వరండాలో సంసారం కుదరదు."

"అవును సార్. కష్టమే."

"అందుకని... రెండు గదులున్నా చాలు. ఈ ఊళ్ళో ఎక్కడైనా అద్దెకు ఇల్లు దొరుకుతుందేమోనని..."

సుంకులమ్మ చేతిలో గరిటె ఆగింది. ఈసారి బజ్జీలు మాడిపోకుండా ముందు పొయ్యి ఆర్పింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయన ముఖంలోకి చూసింది.

"ఏమన్నారు సార్?"

"అద్దెకు ఇల్లు..."

"దానికి ముందర."

"ఈ ఊళ్ళో..." అని పరాంకుశం గారు గుర్తు చేసుకున్నారు. గుర్తు వచ్చిన కొద్దీ ఆయన పెదవులు మెల్లగా తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

"ఇల్లు నేను జూపిస్తా, పదండి," అన్నది సుంకులమ్మ. "దానికి ముందర ఆ మాట మైకులో చెప్పండి."